ఎత్తకూడని ఫోను

ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో నాకు పేరు తెచ్చింది ఒక్కటే. డ్యూటీలో ఉద్యోగులు ఫోన్లు, కంప్యూటర్లు వగైరా ఎలా వాడాలో చెప్పే నియమావళి. దాని పూర్తి పేరు చదివేలోపే ఆవులింత వస్తుంది. హెడ్డాఫీసులో అందరూ మెచ్చుకున్నారు, మిగతా కేంద్రాలకు నమూనాగా పంపారు. ఇప్పటికీ ఎవరైనా దాన్ని పొగిడితే నేను మాట మార్చేస్తాను.

అప్పట్లో నేను అరకు దాటి ఒడిశా సరిహద్దు వైపు కొండల్లో, ఒక చిన్న ప్రైవేటు జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసేదాన్ని. పైన గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డంగా కట్ట. ఆ నీళ్లు పెద్ద గొట్టాల్లో దిగి రెండు యంత్రాలను తిప్పి, కింద మళ్లీ గెడ్డలోనే పడతాయి. ఎండాకాలం యంత్రాలు ఆగి ఉంటే కింద గెడ్డలో రాళ్లూ ఇసకా అక్కడక్కడ మడుగులూ తప్ప ఏమీ ఉండవు. యంత్రం తిరిగిందంటే అదే గెడ్డ మనిషిని నిలబడనివ్వదు. ఎప్పుడు తిప్పాలో చెప్పేది ఎక్కడో దూరంగా నగరంలో కూర్చున్నవాళ్లు. వాళ్లకు కరెంటు ఎప్పుడు కావాలంటే అప్పుడు. నా పని సెలవులు, హాజరు, సామాన్లు, క్వార్టర్లలో వాళ్లూ వాళ్లూ పెట్టుకునే తగాదాలు. విజయనగరం వైపు మైదానంలో పుట్టిపెరిగిన నాకు ఆ గెడ్డ ఆఫీసు కిటికీలోంచి కనిపించే అందం మాత్రమే.

ఇంకో కేంద్రంలో ఎవరో ఆపరేటరు ఫోనులో వీడియో చూస్తూ అలారం వినిపించుకోలేదట, యంత్రం పాడైందట. దాంతో అన్నిచోట్లా నియమావళి ఉండాలని ఉత్తర్వు వచ్చింది. దానితోపాటు ఒక నమూనా కూడా పంపారు. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర ఎత్తుకొచ్చారో గానీ, సమావేశ మందిరంలో తెరల వాడకం అని ఒక పేజీ, వైఫై పాస్‌వర్డు బయటివారికి ఇవ్వరాదని ఒక పేజీ. మా సమావేశ మందిరం క్యాంటీన్‌లో కుంటి బల్ల. వైఫై ఉంటే కదా ఇవ్వడానికి. చదువుతుంటే ఒళ్లు మండి, దాన్ని పక్కన పడేసి మా చోటుకు తగినట్టు నేనే రాస్తానని కూర్చున్నాను.

రాయడానికి ముందు అందరినీ అడిగాను. పక్కాగా చేయాలన్నది నా పిచ్చి. కంట్రోల్ రూమ్‌లో పనిచేసే ప్రతి ఒక్కరినీ పిలిచి, డ్యూటీలో ఫోను దేనికి వాడతారని అడిగాను. కుర్రవాళ్లు సిగ్గుపడుతూ నిజమే చెప్పారు. పాటలు, ఆటలు, ఇంటికి మాట్లాడడం. అందరికంటే సీనియర్ ఆపరేటరు ఒకాయన ఉండేవారు. నర్సీపట్నం వైపు మనిషి, మాట పొదుపు. ఏ వేళయినా ఆగిన యంత్రాన్ని మళ్లీ తిప్పేది ఆయనే. తాను డ్యూటీలో ఫోను మాట్లాడనని ఆయన చెప్పారు. అది నిజమని నాకూ తెలుసు. అయితే మీకు ఇబ్బంది ఉండదుగా, ఫోను బయట పెట్టి లోపలికి వెళ్లడానికి అని అడిగాను. ఆయన కాసేపు నీళ్లు నమిలి, ఫోను జేబులో ఉంటే మంచిది మేడమ్ అన్నారు. ఎందుకని రెట్టించాను. ఉంటే మంచిదంతే అని లేచి వెళ్లిపోయారు. అలవాటైపోయిన వస్తువు, దగ్గర లేకపోతే తోచదు కాబోలు అనుకున్నాను.

నేను అడగని మనిషి ఒకామె ఉంది. క్యాంటీన్‌లో వంట చేసే ఆమె. కాంట్రాక్టు మీద పనిచేసేది కాబట్టి ఉద్యోగుల లెక్కలోకి రాదు, నియమావళి ఆమెకు వర్తించదు, ఆమె చేతిలో ఫోనే లేదు. మా ఊళ్లో అక్కని పిలిచినట్టు ఆమెను అప్పా అనేదాన్ని. గెడ్డకు అవతల, వంపు తిరిగిన చోట కొండ పక్కన వాళ్ల ఊరు. పొద్దున్నే రాళ్లమీద అడుగులేసుకుంటూ గెడ్డ దాటి వచ్చేది, సాయంత్రం అలాగే పోయేది. నన్ను చూస్తే ఆమెకు వేళాకోళం. "రోజల్లా కూకోని ఏటి రాత్తన్నావమ్మా, పెళ్లి పత్రికా?" అనేది.

నియమం చివరికి ఇలా తేలింది. కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లే ముందు అందరూ ఫోన్లను తలుపు బయట గోడకు బిగించిన ఇనప పెట్టెలో పెట్టాలి. షిఫ్టు అయ్యేదాకా తాళం తీయకూడదు. తాళంచెవి బాధ్యతగల అధికారి దగ్గరే ఉండాలని హెడ్డాఫీసు చేర్చింది. బాధ్యతగల అధికారి అంటే నేను. రెండో తాళంచెవి వాళ్లే ఉంచుకున్నారు. పెట్టె బిగించిన రోజు అప్ప వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఫోన్లకు కోళ్లగూడు కట్టించావని నవ్వింది. సీనియర్ ఆపరేటరు తన పాత ఫోనును అందరికంటే చివర పెట్టారు. పెట్టాక కూడా చెయ్యి వెంటనే తియ్యలేదు. నేను ఏమిటన్నట్టు చూస్తే తీసేశారు.

అదే వారం యంత్రాలను ఏటా చేసే మరమ్మతుకు ఆపారు. ఇక గెడ్డలోకి చుక్క దిగలేదు. ఎండలు ముదిరాయి. కొండలమీద ఎక్కడో అడవి అంటుకుని మధ్యాహ్నానికి లోయంతా పొగ కమ్మేది. మరమ్మతులో భాగంగా సైరన్ విప్పి, బిగించి, వేళా పాళా లేకుండా మోగించి చూసేవారు. షిఫ్టు మారినప్పుడూ అదే సైరన్, పరీక్షకూ అదే సైరన్. మొదట్లో ఉలిక్కిపడ్డ కుక్కలు కూడా తర్వాత తల ఎత్తడం మానేశాయి.

కిటికీలోంచి చూస్తుండగానే గెడ్డలోకి మనుషులు దిగడం మొదలైంది. ముందు ఒడ్డు పక్కనే బట్టలు ఉతుక్కునేవారు. తర్వాత నడిమధ్యకు వచ్చారు. రాళ్లమీద చీరలు ఆరేశారు, మడుగుల్లో చేపలు పట్టారు, ఇసకలో రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. చైత్రంలో అక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండుగ దగ్గర పడింది. మగవాళ్లంతా వేటకని అడవికి వెళ్లారు. ఊళ్లో ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ మిగిలారు. ఆ చీరల రంగులు, ఆ పొగలు నాకు చూడముచ్చటగా ఉండేవి. ఫోటో కూడా తీసుకున్నాను. ఆ ఫోటో ఇప్పుడు చూస్తే, దానిలో ఉన్న ఒక్కొక్కళ్లనీ పేరుపెట్టి పిలిచి ఒడ్డెక్కమని అరవాలనిపిస్తుంది.

కొత్త మామిడికాయ పూజకు పెట్టందే వాళ్లు నోట పెట్టరు. ఆ రోజు సాయంత్రం పూజ అని, తప్పకుండా రావాలని అప్ప పిలిచింది. యంత్రాలు బాగయ్యాయని ఆ పొద్దున్నే చెప్పారు. ఇక నగరం నుంచి ఉత్తర్వు రావడమే తరువాయి. అప్ప కాస్త పెందలాడే బయల్దేరింది, నేనూ ఆమె వెంట వెళ్లాను. షిఫ్టు అయ్యేలోపు తిరిగొచ్చి పెట్టె తెరవచ్చునని తాళంచెవి చేతిసంచిలో వేసుకున్నాను. నియమం ప్రకారం అది నన్ను విడిచి ఉండకూడదు కదా.

గెడ్డలో దిగాక చెప్పులు చేత్తో పట్టుకున్నాను. రాళ్లు ఇంకా కాలుతున్నాయి. అప్ప ముందు నడుస్తూ ఏ రాయి కదులుతుందో చెబుతోంది. కొంచెం దిగువన ఆడవాళ్లు పండుగ గిన్నెలు తోముతున్నారు. వాళ్లలో అప్ప కూతురు కూడా ఉంది, ఇంకా బడి వయసు గుంట. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. అవతలి గట్టుమీద, ఊరికి పైన, ఒక పనస చెట్టు కింద ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో డప్పు. చెట్టు కొమ్మకు చిన్న వెదురు బుట్ట వేలాడుతోంది.

మేము సగం దాటాక కేంద్రం వైపు నుంచి సైరన్ వినిపించింది. కొండ అడ్డం కాబట్టి ఎక్కడో దూరంగా, పలచగా. అప్ప ఆగలేదు, డ్యూటీ మారి ఉంటారంది. షిఫ్టు మారే వేళ కాదని నాకు తెలుసు. పరీక్ష చేస్తున్నారేమో అనుకున్నాను. కానీ పరీక్షలా ఒక్కసారికి ఆగడం లేదు. ఆగి మళ్లీ మొదలవుతోంది. ఎవరో పదేపదే మీట నొక్కుతున్నట్టుంది. నీళ్లు వదులుతున్నారేమో, బేగి పద అప్పా అన్నాను.

అప్ప వెనక్కి తిరిగి నవ్వింది. "నీళ్లు రావమ్మా. పోను మోగనేదు కదా" అంది.

ఏ ఫోనని అడిగాను. ఆమె బుట్ట వైపు చూపించి, నేను ఇన్నాళ్లుగా అక్కడ ఉండి కూడా ఎరగని సంగతి చెప్పింది. ఊరంతటికీ సిగ్నల్ అందేది ఆ చెట్టు దగ్గరే. అందుకే అక్కడ ఊరి ఫోను వేలాడదీసి ఉంచుతారు. దాన్ని ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదు. అది మోగిందంటే నీళ్లొస్తున్నట్టు. ముసలాయన పని వినడమే. మోగగానే డప్పు కొడతాడు, గెడ్డలో ఉన్నవాళ్లు ఒడ్డెక్కుతారు. ఎన్నో ఏళ్లుగా అంతే, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎవరు చేస్తారు ఆ ఫోను అని అడిగాను.

"ఎవలు సేత్తారమ్మా. మిషనే. మిషను కదిలితే దానికదే మోగుతాది."

యంత్రం ఎవరికీ ఫోన్ చెయ్యదు. మా కంట్రోల్ రూమ్‌లో అలాంటిదేదీ లేదని, అక్కడున్న ప్రతి మేకునూ జాబితా రాసిన నాకు తెలుసు. జేబులో ఉంటే మంచిది మేడమ్ అన్న మనిషి మొహం కళ్లముందుకొచ్చింది. ఎవరో ఆపరేటరు ఎప్పుడో మొదలుపెట్టి, వెళ్లిపోతూ తర్వాతివాడికి ఆ నంబరు అప్పగించి ఉంటాడు. మిస్‌డ్ కాల్ ఇవ్వడం, పెట్టేయడం. ఊరివాళ్లు అది యంత్రమే అనుకున్నారు. మేమూ అంతే కదా, సైరన్ మోగితే అందరికీ వినిపిస్తుందని కాగితం చూసి నమ్మేవాళ్లం. సంచిలోంచి తాళంచెవి తీసి అప్పకు చూపించాను. మిషను కాదప్పా, పెద్దాయన చేస్తాడు, ఆయన ఫోను నా పెట్టెలో ఉంది, ఇదిగో తాళం అన్నాను.

ఆమె తాళంచెవిని చూసింది, నా మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. దిగువకు తిరిగి కొండకూ కొండకూ అందేలా ఒక కూత పెట్టింది. ఆడవాళ్లు గిన్నెలు వదిలి లేచారు. కానీ లేచినవాళ్లు మా వైపు చూడలేదు. గట్టుమీద ముసలాయన వైపు చూశారు. ఆయన చేతులు డప్పుమీద పెట్టుకుని ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూసి కొందరు మళ్లీ వంగారు. నా జన్మలో అంత భయం ఎన్నడూ పడలేదు.

"పోను సచ్చిపోనాది. ఒడ్డెక్కండి బేగి" అని అప్ప అరిచింది. అరుస్తూనే కూతురి వైపు పరిగెత్తింది.

నేను ఊరి వైపు ఒడ్డుకేసి ఎలా వెళ్లానో గుర్తులేదు. ముందు చల్లటి గాలి తగిలింది. అంత ఎండలో ఆ చలి గాలికి ఒళ్లు జలదరించింది. తర్వాత నా కాలి పక్కనున్న మడుగు వణికింది. వంపులోంచి ఎండాకులూ పుల్లలూ నురగా కలిసిన ఒక చాప పాక్కుంటూ వచ్చింది. పెద్ద చప్పుడేమీ లేదు. దాని వెనక నీళ్లు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఇటూ అటూ ఎక్కారు. గిన్నెలు కొట్టుకుపోయాయి, పొయ్యిలు బుస్సుమని ఆరిపోయాయి. అప్ప కూతురిని అందుకుంది గానీ ఒడ్డుకు రాలేకపోయింది. ఇద్దరూ నడిమధ్య ఒక బండ ఎక్కి నిలబడ్డారు.

ఒడ్డున ఉన్న ఒకామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక మిషనైతే ఆ బండ మునగదని, రెండోది కూడా తిప్పితే మునుగుతుందని చెప్పింది. నా ఫోను తీసి చూశాను. సిగ్నల్ లేదు. అప్పుడు పైన, పనస చెట్టు దగ్గర, ఫోను మోగింది.

నీళ్లు వచ్చేశాక మోగింది. ముసలాయన దిగ్గున లేచి డప్పు కొట్టడం మొదలుపెట్టాడు. కింద నురగ పరుగెడుతుంటే పైన ఆ డప్పు. ఆడవాళ్లు తల ఎత్తి ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోలేను. తిట్టలేదు, ఏడవలేదు, ఆయన ఎవరో కొత్తమనిషి అయినట్టు చూశారు.

నేను చేతులూ కాళ్లూ ఒకటి చేసి గట్టెక్కాను. బుట్టలో చెయ్యి పెట్టబోతే ముసలాయన అడ్డం వచ్చాడు. ఎత్తకూడదని, అది మోగాల్సిన ఫోనని కర్ర అడ్డం పెట్టాడు. ఆయన్ని తోసేశాను. ఆ వయసు మనిషిని తోశాను. ఫోను తీసి, వచ్చిన నంబరుకే తిరిగి కలిపాను. రెండోసారి మోగకముందే ఆపరేటరు ఎత్తారు. అమ్మాయి బండమీద ఉంది, ఆపేయండి అన్నాను. ఫోను పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.

నీళ్లు తగ్గడం కంటికి కనిపించేలోపు నేను ఎందరెందరు దేవుళ్లకు మొక్కానో. అప్ప మోకాళ్లకు నీళ్లు తగులుతూనే ఉన్నాయి. కూతురిని భుజాలమీదకు ఎత్తుకుంది. ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు, నీటినే చూస్తూ నిలబడింది. నీళ్లు దిగి, ఆమె ఒడ్డుకొచ్చాక నా దగ్గరకు వచ్చి కూర్చుంది. కొత్త మామిడి ముక్క ఎవరూ ముట్టలేదు.

కేంద్రానికి తిరిగి వెళ్లేసరికి పెట్టె మూత వంకరపోయి వేలాడుతోంది. పెద్ద పానా పెట్టి పెకలించారు. సీనియర్ ఆపరేటరు చేతికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నారు. ఉత్తర్వు రాగానే అలవాటుగా జేబు తడుముకున్నారట, సైరన్ మీద చెయ్యి పెట్టి నా కోసం మనిషిని పంపారట, ఉత్తర్వు వేళ దాటకూడదు కాబట్టి యంత్రం తిప్పక తప్పలేదట, నేను లేనని తెలిశాక పెట్టె మీద పడ్డారట. నేను అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదని ఆయన మీద అరిచాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

"చెబితే మీరు రాసేస్తారు మేడమ్" అన్నారు. "రాసిందాన్ని పైన ఎవరో ఒకరు కొట్టేస్తారు. అయినా అది ఫోన్ మాట్లాడడం కాదు కదా. మిస్‌డ్ కాలే కదా."

ఆయన అన్నట్టే జరిగింది. జరిగినదంతా పూసగుచ్చినట్టు రాసి, ఆ ఒక్క కాల్‌ను నియమావళిలో చేర్చమని పంపాను. హెచ్చరికకు సైరన్ ఉందని, ఉద్యోగి సొంత ఫోను నుంచి బయటివారికి నీటి సమాచారం వెళ్లడం కంపెనీకి ప్రమాదమని జవాబు వచ్చింది. పెట్టె పగలగొట్టినందుకు, ఉత్తర్వు లేకుండా యంత్రం ఆపినందుకు ఆపరేటరుకు మెమో ఇచ్చారు. మెమోలో చూపిన నియమాలు నేను రాసినవే, నా వాక్యాలే. ఆయన్ని దూరంగా ఇంకో కేంద్రానికి పంపేశారు. వెళ్లేముందు ఆయన ఆ నంబరును కుర్ర ఆపరేటర్లకు చెప్పారు. నాకూ ఒక చీటీమీద రాసిచ్చారు. కొత్త పెట్టె వచ్చింది, ఇంకా గట్టిది. నేనున్నన్నాళ్లూ దాని తాళంచెవి తాళానికే వదిలేసి ఉంచాను.

అప్ప పనికి వచ్చింది. మానేస్తుందనుకున్నాను, మానలేదు. కానీ వేళాకోళం పోయింది. రోజూ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు కంట్రోల్ రూమ్ దాకా వచ్చి, లోపల ఎవరున్నారో చూసేది. మిషను వైపు చూసేది కాదు, మనిషి జేబు వైపు చూసేది. తర్వాత నన్ను ఒక్క మాట అడిగేది.

"ఈ గుంటడికి తెలుసునా అమ్మా?"

తెలుసు అప్పా అనేదాన్ని.

నియమావళి బాగా రాశానని నన్ను హెడ్డాఫీసుకు తీసుకున్నారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాను. ఆ కుర్రవాళ్లలో కూడా చాలామంది మారిపోయారని విన్నాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ నంబరు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. అడిగితే, అలాంటిదేమీ లేదు మేడమ్, అంతా నియమావళి ప్రకారమే నడుస్తోంది అంటారు. వాళ్లు భయపడి దాస్తున్నారో, నిజంగానే ఎరగరో నాకు అంతుపట్టదు.

ఎండలు ముదిరి సాయంత్రం పూట ఇక్కడ ఇళ్లన్నిటిలో ఏసీలు మొదలయ్యాయంటే నాకు కాలు నిలవదు. అక్కడ నీళ్లు వదిలే వేళ అది. ఆ నంబరు నా ఫోనులో ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, అప్ప ఎలా ఉందో, ఆ గుంట ఎలా ఉందో ఎవరో ఒకరు చెబుతారనిపిస్తుంది. కానీ ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదు. ముసలాయన డప్పు కొడతాడు, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఒడ్డెక్కి నీళ్ల కోసం ఎదురుచూస్తారు, నీళ్లు రావు. అలా ఒకట్రెండుసార్లు జరిగితే ఆ తర్వాత ఫోను నిజంగా మోగినా ఎవరూ లేవరు. అందుకని ఫోను చేత్తో పట్టుకుని, ఆ నంబరు తెరిచి చూసుకుని, నొక్కకుండా పక్కన పెట్టేస్తాను.